హై రోప్స్ కోర్స్: పైన నడిచేవాడి భయం, కింద తాడు పట్టినవాడి బాధ్యత

అవుట్‌బౌండ్ ట్రైనింగ్ అనే మాట సీమ జిల్లాలకు ఇప్పుడు కొత్తేం కాదు. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టూ లేచిన కంపెనీల్లోనూ, అనంతపురం, కర్నూలు, కడప ఇంజినీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్ గదుల్లోనూ వినిపించే మాటే. పొద్దున్నే బస్సు మాట్లాడుకుని బెంగళూరు వైపు ఏదో రిసార్టుకో, గండికోట వైపు క్యాంపుకో బయల్దేరడం, ముప్పై నలభై అడుగుల ఎత్తున కట్టిన తీగల మీద నడవడం, సాయంత్రం గ్రూప్ ఫొటో దిగి వెనక్కి రావడం. బ్రోచర్లో మాత్రం ఆత్మవిశ్వాసం, నాయకత్వం, టీమ్‌వర్క్ అని మూడు పెద్ద మాటలుంటాయి. ఒక్క పూట తీగ మీద నడిచినందుకు ఆ మూడూ వచ్చేస్తాయా?

కొంతవరకు వస్తాయి. కానీ బ్రోచర్లో బొమ్మ వేసిన చోటు నుంచి కాదు. ఎత్తున నడిచే మనిషిని అందరూ ఫొటో తీస్తారు. అతని తాడు పట్టుకుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ కింద నిలబడ్డ మనిషిని ఎవరూ తీయరు. అసలు నేర్చుకోవడం జరిగేది ఎక్కువగా ఆ రెండో మనిషి దగ్గర, ఆ తర్వాత అందరూ దిగి చెట్టు కింద కూర్చుని మాట్లాడుకునే గంటలో. ఈ రెండింటినీ కుదించేసిన కోర్సులో మిగిలేది సరదా. సరదాకు డబ్బు పెట్టడం తప్పు కాదు గానీ, దాన్ని శిక్షణ ఖాతాలో రాసుకోవడమే ఇబ్బంది.

తీగలు, కొక్కేలు, లెక్కలు

హై రోప్స్ కోర్స్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. గట్టి స్తంభాలో, బలమైన చెట్లో ఆధారంగా, సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు మీటర్ల ఎత్తులో ఉక్కు తీగలు, తాళ్లు, చెక్క దిమ్మెలతో కట్టిన దారి. ఒకచోట కాళ్ల కింద ఒకే తీగ, చేతులతో పట్టుకోవడానికి పైన ఇంకో తీగ. ఒకచోట అడుగు వేయగానే పక్కకు జారిపోయే ఊగుడు చెక్కలు. ఇంకోచోట ఒంటి స్తంభం కొస దాకా ఎక్కి, భోజనం పళ్లెమంత జాగాలో లేచి నిలబడి, ఎదురుగా వేలాడే బంతిని తాకడానికి గాల్లోకి దూకాలి. వీటన్నింటికన్నా ఆసక్తికరమైనది ఇద్దరు కలిసి ఎక్కే పెద్ద నిచ్చెన. పైకి పోయేకొద్దీ దాని మెట్ల మధ్య దూరం పెరుగుతుంది. ఒకరు తొడ వంచి మెట్టుగా ఇవ్వకపోతే రెండోవారు పైకి పోలేరు. పైకి పోయిన రెండోవారు వంగి చెయ్యి అందించకపోతే మొదటివారు అక్కడే ఆగిపోతారు.

భద్రతకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి బిలే. ఎక్కేవాడి హార్నెస్‌కు, అంటే నడుముకూ తొడలకూ బిగించిన పట్టీలకు, కట్టిన తాడు పైన కప్పీ గుండా తిరిగి కిందికి వస్తుంది. కింద ఒకరు ఆ తాడును, జారకుండా పట్టి ఆపే బిలే పరికరంలోంచి లాగుతూ బిగువుగా ఉంచుతారు. రెండోది నడిచేవాడే సొంతంగా చూసుకునే పద్ధతి. నడుము దగ్గర రెండు పొట్టి తాళ్లు, వాటి కొసల్లో కొక్కేలు. స్తంభం దగ్గర ఒక తీగ నుంచి ఇంకో తీగకు మారేటప్పుడు ఒక కొక్కెం తీసి అవతల తగిలించాలి, అది పడిందని చూసుకున్నాకే రెండోది తీయాలి. ఏ క్షణంలోనూ రెండూ ఊడి ఉండకూడదు.

ఈ కొక్కేన్నే కారబైనర్ అంటారు. దాని ఒంటి మీద సన్నటి అక్షరాలతో 22 అనో, 25 అనో చెక్కి ఉంటుంది. అది కిలోన్యూటన్ల లెక్క. డెబ్భై కిలోల మనిషి కదలకుండా దానికి వేలాడితే పడే బరువు 0.7 కిలోన్యూటన్. అంటే కొక్కెం మోయగలిగిన దాంట్లో ముప్పయ్యో వంతు. ఈ లెక్క కింద నిలబడి విన్నవాళ్లందరికీ అర్థమవుతుంది. పైకి ఎక్కాక ఒక్కరికీ గుర్తుండదు. ఫిజిక్స్ లెక్చరర్ కాళ్లు కూడా మిగతావాళ్ల కాళ్లలాగే వణుకుతాయి. కోర్స్ కట్టినవాళ్లు కావాలని చేసిందే ఇది. జరగగల ప్రమాదాన్ని వీలైనంత తగ్గించి, కలిగే భయాన్ని మాత్రం ఉన్నదున్నట్టు వదిలేశారు. మామూలు జీవితంలో ఈ రెండూ విడివిడిగా దొరకవు. హైవే మీద బైక్ నడిపేవాడికి ప్రమాదం ఎక్కువ, భయం తక్కువ. ఇక్కడ అది తలకిందులు.

ఈ ఆట ఆఫీసుల కోసం పుట్టలేదు. 1902లో కరీబియన్ దీవి మార్టినిక్‌లో మౌంట్ పెలీ అగ్నిపర్వతం పేలినప్పుడు జనాన్ని కాపాడే పనిలో ఉన్న ఫ్రెంచ్ నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్, ఒంట్లో బలం ఉంటే చాలదు, అది పక్కవాడికి పనికిరావాలి అనే ఆలోచనతో వ్యాయామ పద్ధతి ఒకటి తయారు చేశాడు. గోడలు, దూలాలు, తాళ్లతో కూడిన అడ్డంకుల దారి అలా సైన్యంలోకి వచ్చింది. 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో విద్యావేత్త కర్ట్ హాన్, ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ కలిసి అవుట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణ స్కూలు మొదలుపెట్టారు. యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు ఒంట్లో సత్తువ ఉన్న కుర్ర నావికులు చనిపోతుంటే వయసు మళ్లినవాళ్లు బతికి బయటపడుతున్నారన్న దిగులు దాని వెనక ఉంది. కొండలు, సముద్రాలు అందరికీ అందుబాటులో ఉండవు కాబట్టి, ఆ అనుభవాన్ని స్కూలు మైదానంలోకే తెద్దామని 1971లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక హైస్కూల్లో ప్రాజెక్ట్ అడ్వెంచర్ అనే కార్యక్రమం పుట్టింది. ఇవాళ మన బస్సులు వెళ్లే క్యాంపుల్లో కనిపించే ఆటల్లో చాలావాటికి అదే పుట్టిల్లు. ఎబేర్, హాన్ ఇద్దరి ఆలోచనలోనూ ఉన్నది ఆపదలో మనిషి ఎలా నిలబడతాడు, పక్కవాణ్ని ఎలా నిలబెడతాడు అన్నదే. సేల్స్ టార్గెట్లు, అప్రైజళ్లు చాలా తర్వాత వచ్చి చేరాయి.

బావిలో బెండు తీసేసినట్టు

ఆత్మవిశ్వాసం ఎలా వస్తుందన్న దాని మీద ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో చెప్పిన వివరణ ఇక్కడ బాగా పనికొస్తుంది. ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకానికి ఆయన నాలుగు మూలాలు చూపించాడు. సొంతంగా చేసి గెలిచిన అనుభవం, తనలాంటివాడు చేయడం కళ్లారా చూడటం, నమ్మదగిన మనిషి చెప్పిన మాట, ఒంట్లో కలిగే దడను మనసు ఎలా అర్థం చేసుకుంటుందన్నది. నాలుగింటిలోనూ మొదటిదానికే బలం ఎక్కువ. స్టేజి ఎక్కిన మోటివేషన్ స్పీకర్ మూడోదాన్ని మాత్రమే ఇవ్వగలడు. రోప్స్ కోర్స్ నాలుగూ ఒకేచోట ఇస్తుంది. తనకన్నా బక్కపల్చటి జూనియర్ అమ్మాయి ముందు దాటేస్తుంది, కింద నుంచి స్నేహితుడు పేరు పెట్టి పిలుస్తాడు, గుండె దడదడలాడుతున్నా అడుగు పడుతుంది, అవతలి స్తంభం చేతికందుతుంది.

సీమ పల్లెల్లో ఒక తరం కిందటి దాకా ఈత నేర్పింది బావులే. పిల్లాడి నడుముకు బెండ్లు కట్టి, తాడు కొస గట్టు మీద మేనమామ చేతిలో ఉంచుకుని నీళ్లలోకి దింపేవాళ్లు. రోజులు గడిచేకొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తీసేసేవాళ్లు, పిల్లాడికి చెప్పకుండానే. మంచి కోర్స్ కూడా సరిగ్గా ఇలాగే నడవాలి. మొదట నేల మీద ఆటలు, తర్వాత అడుగు ఎత్తులో తీగ, ఆ తర్వాతే స్తంభం. దిగగానే హార్నెస్ తగిలించి నేరుగా పన్నెండు మీటర్లు ఎక్కించే క్యాంపులో బెండు లేకుండా బావిలోకి తోసినట్టే అవుతుంది. ఎలాగో దాటినవాడికి మిగిలేది ‘బతికి బయటపడ్డా’ అన్న ఊరటే. ‘చేయగలిగా’ అన్న నమ్మకం అక్కడ పుట్టదు. సగంలో ఏడ్చి దిగినవాడికైతే పాత భయం ఇంకో పొర మందమవుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. బందూరా చెప్పిన నమ్మకం పనిని బట్టి ఉంటుంది. తీగ మీద నడవగలనన్న నమ్మకం ఇంటర్వ్యూలో నోరు విప్పగలనన్న నమ్మకంగా దానంతట అదే మారదు. ఆ రెండింటి మధ్య వంతెన ఎవరో ఒకరు కట్టాలి. ఎలా కట్టాలన్నది తర్వాత చూద్దాం.

పౌరుషం అడ్డొచ్చే చోటు

ఈ రంగంలో ఒక మూల నియమం ఉంది. ఎంతవరకు ఎక్కాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఎక్కేవాడి ఇష్టం. ప్రాజెక్ట్ అడ్వెంచర్‌లో పనిచేసిన కార్ల్ రోంకీ పేరుతో ఎక్కువగా ప్రచారమైన నియమమిది. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, సీమ గడ్డ మీద అమలు చేయడం అంత తేలిక కాదు. పౌరుషం అనేది ఇక్కడ మనిషి గుణం కూడా, మనిషి మీద బరువు కూడా. ‘ఏమప్పా, భయపడ్తాండావా?’ అని నలుగురి ముందు ఒక్క మాట పడితే, ఎక్కనని చెప్పే ధైర్యం ఎక్కడానికి కావాల్సిన ధైర్యం కన్నా ఎక్కువ కావాలి. దానికి తోడు హెచ్ఓడీ సారో, ప్లాంట్ మేనేజరో కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంటే ఇష్టం అనే మాటకు అర్థమే ఉండదు. సార్ చూస్తున్నారు కాబట్టి ఎక్కుతారు. అలా ఎక్కినవాడు తన గురించి కొత్తగా తెలుసుకునేదేమీ ఉండదు. సార్ మాట కాదనలేనన్నది అతనికి ముందే తెలుసు.

అందుకే తెలివైన ట్రైనర్ ఎక్కడం మొదలవకముందే ప్రతివాణ్నీ ఒక హద్దు చెప్పమంటాడు. ‘నువ్వు ఏ మెట్టు దాకా పోతే ఈ రోజుకు చాలనుకుంటావు?’ ఒకరు ఐదో మెట్టు అంటారు, ఒకరు పైదాకా అంటారు, ఒకరు హార్నెస్ వేసుకుని నిలబడితే చాలంటారు. ఐదో మెట్టు అన్నవాడు ఆరో మెట్టుకు పోతే అది అతని గెలుపు. పైదాకా అని గొప్పలు పోయినవాడు సగంలో ఆగి ‘అన్నా, దించన్నా’ అని అడగగలిగితే దాన్నీ గెలుపు కిందే లెక్కేయాలి. సాయం అడగడం చిన్నతనమనుకునే చోట నలుగురిలో గొంతెత్తి సాయం అడిగి, అది దొరకడం చూడటం చిన్న సంగతి కాదు. నిజం చెప్పాలంటే మగపిల్లలకు ఈ కోర్స్ ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే కావచ్చు.

అమ్మాయిల విషయంలో అడ్డం వేరేగా ఉంటుంది. హార్నెస్ పట్టీలు తొడల చుట్టూ, నడుము చుట్టూ బిగించాలి. ఆ బిగింపు చూడటానికి మహిళా ట్రైనర్ లేకపోతే చాలామంది ఏదో నొప్పి సాకు చెప్పి పక్కన కూర్చుంటారు. ముందురోజే ట్రాక్ ప్యాంట్, బూట్లు వేసుకురమ్మని, చున్నీ, గాజులు, జూకాలు వద్దని చెప్పి ఉంచితే సగం సమస్య తీరుతుంది. బరువెక్కువ ఉన్నవాళ్లను అందరి ముందు ‘మీకు సైజు లేదు’ అనడం ఇంకా ఘోరం. ఆ కొలతలు రిజిస్ట్రేషన్ కాగితంలోనే తీసుకోవాలి. బీపీ, గుండె జబ్బు, ఫిట్స్, ఆస్తమా, వెన్ను నొప్పి, గర్భం వివరాలు కూడా ఆ కాగితంలోనే, గోప్యంగా.

తాడు ఎవరి చేతిలో?

నల్లమలలో కొండ అంచుల్లో పట్టిన తేనె తీసే చెంచుల గురించి ఒక సంగతి చెప్పుకుంటారు. తేనెపట్టు కోసం లోయ అంచు నుంచి తాడుతో దిగే మనిషికి పైన తాడు దగ్గర కాపలా ఉండేది అతని బావమరిది. సొంత అన్నదమ్ములు కాదు. తన అక్క, చెల్లి బతుకు ఆ తాడు కొసన ఉన్న మనిషి మీద ఆధారపడి ఉంది కాబట్టి బావమరిది ఏమరుపాటుగా ఉండడన్నది దాని వెనకున్న లెక్క. ఇందులో నమ్మకం గురించి ఉపన్యాసం ఏమీ లేదు. నమ్మకాన్ని ఎవరి మంచితనానికో వదిలేయకుండా ఏర్పాటుగా మార్చేశారు. టీమ్‌వర్క్ పేరుతో వచ్చే పుస్తకాల్లో చాలావాటికన్నా ఈ పద్ధతిలో సరుకు ఎక్కువుంది.

హై రోప్స్ కోర్సులో బిలే పట్టినవాడిది కూడా ఆ స్థానమే. అతని చేతుల్ని కాసేపు దగ్గరగా గమనిస్తే పని అర్థమవుతుంది. ఎక్కేవాడు ఒక మెట్టు పైకి పోగానే తాడు కొంచెం వదులవుతుంది. ఎడమ చేయి ఆ వదులును కిందికి లాగుతుంది, కుడి చేయి దాన్ని పరికరంలోంచి బయటికి తీసి తుంటి కిందికి దించుతుంది. ఈ కుడి చేయి బ్రేకు. చెమట తుడుచుకోవడానికి, ఈగను తోలడానికి, ఫోన్ మోగితే చూడటానికి అది తాడును వదలకూడదు. ఆ చేతిని జరపాల్సి వస్తే ఎడమ చేత్తో దాని కింద తాడు పట్టుకుని, కుడి చేయిని తాడు మీదే పైకి జార్చాలి. పావుగంట ఇలా నిలబడితే భుజాలు లాగుతాయి, మెడ పట్టేస్తుంది, చప్పట్లు మాత్రం పైవాడికే పడతాయి. తన పేరు ఎక్కడా కనిపించని పనిని పావుగంట సేపు తప్పు లేకుండా చేయడం ఎలా ఉంటుందో చాలామంది కుర్రాళ్లకు జీవితంలో మొదటిసారి ఇక్కడే తెలుస్తుంది. నేర్చుకునేవాళ్లు బిలే పట్టినప్పుడు వెనక ఇంకొకరు తాడు కొస పట్టుకుని తోడుండటం, ట్రైనర్ పక్కనే నిలబడి చూడటం తప్పనిసరి.

మొదలుపెట్టే ముందు జరిగే మాటలు కూడా గమనించదగ్గవే. ఎక్కేవాడు ‘తాడు పట్టుకున్నావా?’ అని అడుగుతాడు. కిందవాడు తన పరికరం, కొక్కెం తాళం, ఎదుటివాడి హార్నెస్ బకిల్ తడిమి చూసి ‘పట్టుకున్నా’ అంటాడు. ‘ఎక్కుతున్నా’ అంటే ‘ఎక్కు’ అని జవాబు వచ్చేదాకా కాలు నేల వదలకూడదు. పదిసార్లు ఎక్కిన పాత స్నేహితులైనా ఈ నాలుగు మాటలు దాటవేయకూడదు. మొహమాటం లేకుండా ఒకరి పనిని ఒకరు తనిఖీ చేయడం, దాన్ని అవమానంగా తీసుకోకపోవడం అన్న అలవాటు ఈ నాలుగు మాటల్లో ఉంది. మన ఆఫీసుల్లో ‘చూశావా?’ అని అడిగితే ‘నా మీద నమ్మకం లేదా?’ అనే జవాబే ముందు వస్తుంది.

ఈ అలవాటు ప్రాణావసరమైన చోట్లు ఇదే జిల్లాల్లో ఉన్నాయి. ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు పొలాల మధ్య నిలబడ్డ గాలిమరల్లో మరమ్మతులకు వెళ్లే టెక్నీషియన్లు ఎనభై మీటర్లు, అంతకు పైన ఎక్కుతారు. వాళ్ల ఒంటి మీద ఉండేవీ హార్నెస్, రెండు కొక్కేల తాళ్లే. సర్కారు ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్‌లోనూ ఇదే సూత్రం. కత్తి పెట్టే ముందు రోగి పేరు, చేసే ఆపరేషన్ బిగ్గరగా చెప్పుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్ట్ అడుగుతుంది. టీమ్‌లో చిన్నవాడు కూడా ‘ఆగండి’ అనగలిగే వాతావరణం గురించి ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1999లో రాసిన పరిశోధన పత్రం మేనేజ్‌మెంట్ చదువుల్లో చాలా పేరు పొందింది. మంచి రోప్స్ కోర్సులో ఆ వాతావరణాన్ని ఒక నియమంగానే పెడతారు. ఎవరైనా సరే, వంట మనిషైనా, ఏదో తేడాగా కనిపిస్తే ‘ఆపండి’ అని అరవొచ్చు, అరిస్తే అందరూ ఆగాలి.

దగ్గరితనం ఎంతకాలం?

క్యాంపు నుంచి వచ్చే బస్సులో పాటలు, కేకలు, హత్తుకోవడాలు మామూలే. దాన్ని చూసి టీమ్ కలిసిపోయిందనుకుంటే తొందరపాటే. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలోని కాపిలానో ఊగుడు వంతెన మీద ఒక ప్రయోగం చేశారు. ఎత్తైన ఆ వంతెన దాటుతూ ఉన్న మగవాళ్లు, అక్కడ తమను ప్రశ్నలడిగిన యువతి పట్ల ఎక్కువ ఆకర్షణ చూపారు. గట్టి వంతెన మీద కలిసినవాళ్లలో అంత లేదు. ఎత్తు వల్ల వచ్చిన గుండెదడను ఎదుటి మనిషి వల్ల వచ్చిందని మనసు పొరబడుతుందన్నది వాళ్ల వివరణ. క్యాంపు సాయంత్రం పుట్టే దగ్గరితనంలోనూ కొంత వాటా ఈ దడదే అయ్యుండొచ్చు. దడ దిగిపోయాక సోమవారం పొద్దున షిఫ్ట్ అలవెన్సు మీద పాత గొడవే మళ్లీ మొదలైతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మరి అంతా భ్రమేనా? కాదు. 1997లో జాన్ హ్యాటీ, మరో ముగ్గురు కలిసి సాహస శిక్షణ మీద వచ్చిన 96 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. శిక్షణ ముగిసేసరికి సగటు ప్రభావ పరిమాణం, అంటే మార్పు ఎంత పెద్దదో చెప్పే అంకె, 0.34. కొండంతేమీ కాదు, కొట్టిపారేసేంత చిన్నదీ కాదు. విశేషమేమిటంటే, తర్వాత కొన్నాళ్లకు చూసినప్పుడు ఆ ప్రభావం తగ్గకపోగా ఇంకొంచెం పెరిగింది. మామూలుగా క్లాసురూమ్ శిక్షణల్లో కాలం గడిచేకొద్దీ ప్రభావం కరిగిపోతుంది. 2008లో గిల్లిస్, స్పీల్‌మన్ కేవలం రోప్స్ కోర్సుల మీద వచ్చిన 44 అధ్యయనాలను చూస్తే సగటు 0.43 వచ్చింది. మానసిక చికిత్స లక్ష్యంగా నడిచిన వాటిలో ఎక్కువగా, చదువు లక్ష్యంగా నడిచిన వాటిలో తక్కువగా.

ఈ అంకెల్ని బ్రోచర్లో వేసుకునేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. హ్యాటీ లెక్కలోని శిక్షణల్లో చాలావి రోజుల తరబడి, కొన్ని వారాల తరబడి సాగినవి. పొద్దున పదింటికి దిగి, మధ్యాహ్నం బిర్యానీ తిని, నాలుగింటికి బస్సెక్కే ప్యాకేజీకి ఆ ఫలితం అంటగట్టడం కుదరదు.

ముందు చెప్పుకున్న వంతెన సంగతి ఇక్కడికొస్తుంది. ఒక పూట కోర్సుకు నిజంగా విలువ తెచ్చేది దిగాక జరిగే చర్చ. చాలాచోట్ల అది ‘ఎలా ఉంది? సూపర్ సార్!’ దగ్గర ఆగిపోతుంది. అడగాల్సిన ప్రశ్నలు వేరే. నిచ్చెన మధ్యలో ఆగిపోయినప్పుడు ఏం జరిగింది? ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు చెప్పింది ఎవరూ వినలేదు? కింద నుంచి వచ్చిన పది సలహాల్లో పనికొచ్చింది ఏది, టెన్షన్ పెంచింది ఏది? ఈ చివరి ప్రశ్నకు దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకేలాంటి జవాబు వస్తుంది. ‘ఏం కాదులేప్పా, పో’ అన్న పది గొంతులకన్నా ‘కుడి కాలు ఇంకో జానెడు ముందుకు పెట్టు’ అన్న ఒక్క గొంతు పనికొచ్చిందని. అక్కడి నుంచి మాట ఫ్యాక్టరీ లైన్ మీదికో, ల్యాబ్‌లోకో మళ్లాలి. మన పనిలో ధైర్యం చెప్పడం ఎక్కువైపోయి దారి చెప్పడం తక్కువైన చోటు ఏది? చర్చ ఇక్కడిదాకా రాకపోతే తీగ మీది నమ్మకం తీగ మీదే ఉండిపోతుంది.

మేనేజర్లు, ప్రొఫెసర్లు చేయగలిగింది ఒకటుంది. కుర్చీ వదిలి ఒకసారి బిలే పట్టడం, ఇంకోసారి కింది ఉద్యోగి చేత తమ తాడు పట్టించుకోవడం. రెండోదానికి ఒప్పుకునేవాళ్లు తక్కువ.

ఎండ, గాలి, తాడు వయసు

ఈ జిల్లాలకు సంబంధించి కొన్ని జాగ్రత్తలు పుస్తకాల్లో దొరకవు. మే నెలలో కర్నూలులో 40 డిగ్రీలు దాటడం మామూలే. హెల్మెట్, హార్నెస్‌లో చెమటలు కక్కుతూ వంతు కోసం నిలబడినవాడికి వచ్చే కళ్లు తిరగడం భయం వల్ల కాదు, వడదెబ్బ వల్ల. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జూన్ నుంచి అనంతపురం వైపు వీచే గాలి మరలకు వరం, స్తంభం కొసన నిలబడ్డవాడికి గండం. గాలి ఎక్కువైతే కోర్స్ ఆపేసే నిబంధన ఉందా అని అడిగి తెలుసుకోవాలి.

ఎండ తాళ్లనూ వదలదు. నైలాన్ తాళ్లు, పట్టీలు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రోజురోజుకూ బలం కోల్పోతాయి, చూపుకు బాగానే కనిపిస్తూనే. తయారీదారులు ఇలాంటి సామాను ఎంత జాగ్రత్తగా వాడినా పదేళ్లకు మించి వాడొద్దంటారు. రోజూ ఎండలో ఉండేవి అంతకు చాలా ముందే పక్కన పెట్టాలి. సీజన్ పొడవునా స్తంభాల మీదే వదిలేసిన తాళ్లు కనిపిస్తే ఆ క్యాంపులో మిగతా లెక్కలు అడగనక్కర్లేదు. తాడు ఎప్పుడు కొన్నారో, చివరిసారి ఎవరు తనిఖీ చేశారో రాసిన పుస్తకం చూపించమంటే మంచి నిర్వాహకులు సంతోషంగా చూపిస్తారు. ఇంకో ప్రశ్న కూడా అడగాలి. పైన ఎవరైనా స్పృహ తప్పితే ఎన్ని నిమిషాల్లో దించుతారు? హార్నెస్‌లో కదలకుండా వేలాడేవారికి కాళ్లలో రక్తం నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగుదామంటే కుదరదు. దించే సామాను, దించడం వచ్చిన మనిషి అక్కడే ఉండాలి. కేంద్ర పర్యాటక శాఖ 2018లో సాహస పర్యాటకానికి మార్గదర్శకాలు విడుదల చేసింది. నిర్వాహకులు వాటి పేరైనా విన్నారా లేదా అన్నది మొదటి ఫోన్ కాల్‌లోనే తేలిపోతుంది.

ఇంత ఖర్చు, ఇంత తంటా పెట్టుకోలేని స్కూళ్లు నిరాశపడాల్సిన పని లేదు. టీమ్‌వర్క్ పాఠం వరకు ఎత్తు అవసరం చాలా తక్కువ. కృష్ణాష్టమికి నూనె పూసిన ఉట్లమాను ఎక్కే ఊళ్లలో పిల్లలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. భుజాలిచ్చిన కింది వరస కదిలితే పైవాడు ఎంత చురుకైనవాడైనా జారి బురదలో పడతాడు. స్కూలు ఆవరణలో రెండు వేపచెట్ల మధ్య తాళ్లతో సాలెగూడులా అల్లి, ఒక్కో కంతలోంచి ఒక్కొక్కరు తాడు తగలకుండా అవతలికి పోవాలి, వాడిన కంత మళ్లీ వాడకూడదు అంటే చాలు. ఎవరు ముందు, ఎవరు చివర, లావుగా ఉన్న పిల్లాడికి ఏ కంత అట్టిపెట్టాలి అన్న లెక్కలోనే గంట గడిచిపోతుంది. పిల్లల్ని ఎత్తి దాటించే ఆట కాబట్టి పీఈటీ సార్ ముందుగా నేర్పాల్సింది పట్టుకోవడం. ఒక పాదం ముందు, ఒక పాదం వెనక, మోకాళ్లు కాస్త వంచి, అరచేతులు పైకెత్తి, కళ్లు ఎప్పుడూ దాటే పిల్లాడి మీదే. జారితే ముందు ఆపాల్సింది తలను, వెన్నును. చేతులు కాళ్లు తర్వాత.